సగటు వరుడికన్నా పది శాతం

సోమవారం ఉదయం పదిన్నరకి నేనొక రక్తపిశాచిని జీవన ధృవపత్రం అడిగాను.

లేదన్నాడు. అంటే, అతని తరఫున హాజరైన అమ్మాయి లేదంది.

"ఎందుకు లేదు?" అన్నారు ఛైర్మన్ వరాహాలరావు గారు.

"ఆయన చచ్చిపోయి నాలుగొందల ఏళ్లయింది సార్."

"అది వ్యక్తిగత కారణం. నిబంధనల్లో దానికి మినహాయింపు లేదు."

నేను ఫైల్లో రాసుకున్నాను: అభ్యర్థి మరణించి ఉన్నందువల్ల తాను జీవించి ఉన్నట్టు రుజువు సమర్పించలేకపోయారు. గడువు కోరుతున్నారు.

విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ భవనం మూడో అంతస్తులో ఈ విచారణ జరిగింది. గది బయట బోర్డు మీద 'ప్రణయ క్రీడా నాయక మూల్యాంకన మండలి' అని రాసి ఉంటుంది. మండలిలో మేం ముగ్గురం. వ్యవసాయ మార్కెటింగ్ శాఖలో రిటైరైన వరాహాలరావు గారు ఛైర్మన్. మహిళా కళాశాల ప్రిన్సిపాల్‌గా రిటైరైన సత్యవాణి గారు సభ్యురాలు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, అందుకే నిష్పాక్షికంగా ఉంటారని వేశారు. తూనికలు కొలతల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన నేను మూల్యాంకనాధికారిని. పెట్రోలు బంకుల్లో లీటర్లు కొలిచే నన్ను ప్రేమ కొలవడానికి పంపారు. రెండింట్లోనూ సీలు ముఖ్యం.

మండలి ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఈమధ్య ఆడపిల్లలు ఫోన్లలో ఒక రకం ఆటలు ఆడుతున్నారు. ఆడే అమ్మాయే కథానాయిక. ఎదురుగా ముగ్గురో నలుగురో అబ్బాయిలు. ఎవరితో మాట్లాడాలో, ఏం జవాబివ్వాలో ఆమె ఇష్టం. ఆమె ఎంచుకున్నదాన్ని బట్టి ఒక్కో అబ్బాయితో ఒక్కో కథ నడుస్తుంది. చివరికి ప్రేమ ఫలిస్తుంది, లేదా బద్దలవుతుంది. ఇంతే. తుపాకులుండవు, కార్లు గుద్దుకోవు. అందుకే చాలాకాలం ప్రభుత్వం దృష్టికి రాలేదు.

ఒక మంత్రిగారి మేనకోడలు ఒకే ఏడాదిలో పదకొండు సంబంధాలు తిప్పికొట్టింది. "ఏం తక్కువమ్మా వీళ్లకి?" అంటే, "అతనిలా లేరు" అంది. అతనెవరో కనిపెట్టడానికి మంత్రిగారు ముగ్గురు కానిస్టేబుళ్లను పెట్టారు. వాళ్లు రెండు రోజులు ఆ పిల్ల వెంట తిరిగి, అనుమానితుడు ఫోన్లోపల ఉన్నాడని నివేదిక ఇచ్చారు.

మంత్రిగారు ఆలోచించారు. రాష్ట్రంలో పెళ్లికొడుకులు ఉన్నట్టే ఉన్నారు. వాళ్లని ఇప్పటికిప్పుడు బాగుచెయ్యడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అమ్మాయిల అంచనాలు మాత్రం పెరిగిపోతున్నాయి. కాబట్టి ఆటల్లోని అబ్బాయిల స్థాయి దించాలి. ఆ వారంలోనే జీవో వచ్చింది. అందులో నాలుగో నిబంధన మా మండలికి గుండెకాయ:

'ప్రణయ క్రీడల్లోని ఏ నాయకుడూ రాష్ట్ర సగటు వరుడికన్నా పది శాతానికి మించి మెరుగ్గా ఉండరాదు.'

మా దగ్గరకి వచ్చిన మొదటి ఆట 'రేవు వెన్నెల'. రక్తపిశాచి అందులో ఒక నాయకుడు. అతని తరఫున హాజరైన ఆ అమ్మాయి పేరు పైడిశ్రీ. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మద్దిలపాలెంలో ఒక ట్యూషన్ సెంటర్ మీద గది అద్దెకి తీసుకుని, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి రెండేళ్లు కూర్చుని చేసిందట. ఆ నెలాఖరు సాయంత్రం అయిదులోగా మా ధృవపత్రం చేతికొస్తే ఆట విడుదలవుతుంది. రాకపోతే ఈ ఏడాదికి లేనట్టే.

"తర్వాతి నాయకుడు!" అన్నారు ఛైర్మన్.

"యువరాజు విక్రమదేవ్ సార్. ఎనభై గదుల కోటలో ఉంటాడు."

"భూపరిమితి చట్టం కింద డిక్లరేషన్ ఇచ్చాడా?"

"అది ఊహారాజ్యం సార్."

"ఊహాభూమి మెట్టా, మాగాణా?"

పైడిశ్రీ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

"మాగాణి అనుకోండి సార్," అంది.

"అయితే మిగులు భూమి అప్పగించాలి. కోటని రెండొందల గజాలకి కుదించండి."

కుదించడానికి ఒప్పుకుంది. యువరాజు ఆ క్షణం నుంచి డబుల్ బెడ్రూమ్ ఇంట్లో ఉంటున్నాడు. ఏనుగు మాత్రం ఉంది, దాన్ని ఏ చట్టం కిందకి తేవాలో తెలియక వదిలేశాం.

మూడోవాడు చరణ్. నాయికకి చిన్నప్పటి స్నేహితుడు.

"రుజువు?" అన్నారు ఛైర్మన్. "నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి."

"మొత్తం ఇక్కడే చదివాడు సార్. ఏడో తరగతి ఒక్కటీ బరంపురంలో. వాళ్ల నాన్నకి బదిలీ అయితే..."

"నాన్-లోకల్!" ఛైర్మన్ బల్ల చరిచారు.

"చిన్నప్పటి స్నేహితుడు సార్ అతను!"

"నాన్-లోకల్ చిన్నప్పటి స్నేహితుడు. ఇరవై నాలుగో సీనులో స్థానికురాలైన నాయిక చెయ్యి పట్టుకున్నాడు. స్థానికులకి అన్యాయం జరగలేదని ఎవరు హామీ ఇస్తారు?"

పైడిశ్రీ అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి చరణ్ వాళ్ల నాన్న బదిలీ రద్దు చేసింది. ఒక ఉద్యోగి బదిలీ అంత తొందరగా ఆగిపోవడం నా సర్వీసులో నేను మొదటిసారి చూశాను.

సత్యవాణి గారు కథాగమనం చూస్తారు. కళ్లజోడు సవరించుకుని అడిగారు. "యువరాజు గొడుగు పట్టే సీనులో వాన పడుతోంది. అది ఏ నెల?"

"ఫిబ్రవరి మేడమ్."

"ఫిబ్రవరిలో విశాఖలో వానేమిటమ్మా?"

"పడకపోతే గొడుగు పట్టలేడు కదా మేడమ్."

సత్యవాణి గారు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు. "పడనివ్వండి," అన్నారు.

రక్తపిశాచిని పింఛనుదారుగా గుర్తించి రాత్రి వాచ్‌మన్ ఉద్యోగం ఇప్పించాం. జీవన ధృవపత్రం నవంబరులోగా తెచ్చుకోమన్నాం.

ఆ తర్వాత నా పరీక్ష. నాయిక మాట్లాడుతుంటే నాయకుడు ఎంతసేపు వింటాడు? ఇందుకు శాఖాముఖంగా ఒక స్టాప్‌వాచీ తెప్పించాను. దాని వెనక నా సీలు ఉంది. సగటు వరుడు ఎంతసేపు వింటాడన్నది ముందే సర్వే చేశాం. అరవై రెండు మందిని వాళ్లవాళ్ల ఇళ్లలో, వాళ్లకి తెలియకుండా కొలిచాం. భార్యో, కాబోయే భార్యో మాట మొదలుపెట్టిన క్షణం నుంచి అతను ఫోను చూసే క్షణం దాకా. ఇద్దరిని లెక్కలోంచి తీసేశాం. మాట మొదలవకముందే వాళ్లు నిద్రపోయారు. మిగిలినవారి సగటు పదకొండు సెకన్లు. నాలుగో నిబంధన ప్రకారం ఆటలో అబ్బాయి పన్నెండు సెకన్ల మీద ఒక దశాంశం దాకా వినవచ్చు.

యువరాజు పది సెకన్లు విని తన ఏనుగు గురించి మొదలుపెట్టాడు. రక్తపిశాచి పన్నెండు విన్నాడు గానీ ఆ సేపంతా ఆమె మెడ చూస్తున్నాడు. చరణ్ తొమ్మిది. మధ్యలో జోకు వేశాడు. ముగ్గురూ ఉత్తీర్ణులే.

ధృవపత్రం రాయడానికి కలం తీశాను. చివరి పరిశీలనగా ఒకసారి నేనే ఆడాను. ఏం నొక్కాలో తెలియక ముగ్గురికీ 'వద్దు' అని నొక్కుతూ పోయాను. నాయిక ఒక్కతే నడుచుకుంటూ సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఒకడు బయటికొచ్చాడు.

"సార్," అన్నాను, "నాలుగోవాడున్నాడు."

ఛైర్మన్ కుర్చీలోంచి లేచారు. "దరఖాస్తులో ముగ్గురే కదా?"

పైడిశ్రీ మొహం ఎర్రబడింది. "రహస్య నాయకుడు సార్. ఇలాంటి ఆటల్లో ఒకడుంటాడు. ముందే చెప్పరు, ఆడేవాళ్లే కనిపెట్టుకోవాలి. పేరు నిరంజన్."

"నోటిఫికేషన్ లేదు. రోస్టర్ లేదు. ఇంటర్వ్యూ లేదు." ఛైర్మన్ ఒక్కోదానికీ ఒక్కో వేలు ముడిచారు. "ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత బాహాటమైన దొడ్డిదారి నియామకం నేను చూడలేదు!"

"వాడు లైట్‌హౌస్‌లో దీపం చూసుకుంటాడు సార్. అంతే."

"వినికిడి పరీక్ష పెట్టండి!"

స్టాప్‌వాచీ నొక్కాను. నాయిక తన రోజంతా ఎలా గడిచిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారట. బస్సులో చెప్పు తెగిందట. నిరంజన్ టీ గ్లాసు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సలహా ఇవ్వలేదు. "దీనికే ఇంత బాధా?" అనలేదు. పది సెకన్లు దాటాయి. పన్నెండు దాటాయి. నిమిషం దాటింది. నా బొటనవేలు నొప్పిపుట్టింది. నాయిక చెప్పడం ఆపింది. అప్పుడు నిరంజన్ అన్నాడు: "తర్వాత?"

ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

నాలుగు నిమిషాల పది సెకన్లు. అనుమతించిన కొలతకి ఇరవై రెట్లు.

సత్యవాణి గారు ముందుగా తేరుకున్నారు. "ఇంకోసారి పెట్టండి," అన్నారు. "కొలత సరిచూడాలి."

మూడుసార్లు సరిచూశారు.

"ఇది పేలుడు పదార్థం," అన్నారు ఛైర్మన్. "ఇది బయటికెళితే రాష్ట్రంలో ఒక్క పెళ్లి జరగదు. చూడమ్మా, నీకు రెండు మార్గాలు. వీణ్ణి పన్నెండు సెకన్లకి కోసెయ్. లేదా మొత్తం తీసెయ్. ఇప్పుడే తీసేస్తానంటే ఇప్పుడే సంతకం పెడతాను. సాయంత్రానికి ధృవపత్రం నీ చేతిలో ఉంటుంది."

పెన్ను మూత తీసి కాగితం మీద పెట్టారు కూడా. రెండేళ్ల కష్టం ఆ పెన్ను మొనకి అంగుళం దూరంలో ఉంది. పైడిశ్రీ ఆ పెన్నునే చూసింది.

"తియ్యను సార్."

"ఎందుకు?"

"ఆ ముగ్గుర్నీ అందరికీ నచ్చాలని రాశాను. కోట కుదించమన్నారు, కుదించాను. బదిలీ ఆపమన్నారు, ఆపాను. ఏమన్నా బాధపడ్డానా? వీణ్ణి మాత్రం నాకోసం రాసుకున్నాను. వీడు లేకపోతే అది నా ఆట కాదు."

"నీకోసం రాసుకుంటే నువ్వే ఉంచుకో. జనానికెందుకు?"

"నాలాంటోళ్లు బోల్డుమంది ఉన్నారు సార్ బయట. అయినా నాకు తెలీక అడుగుతాను, మావాణ్ణి కిందికి లాగే బదులు మీ సగటునే పైకి లేపొచ్చు కదా?"

ఛైర్మన్ నవ్వారు. సత్యవాణి గారు నవ్వలేదు. నేను మినిట్స్ పుస్తకంలో రాశాను: రాష్ట్ర సగటును పెంచవలసిందిగా దరఖాస్తుదారు సూచించారు. చర్చించడమైనది. ఎవరేమన్నా రాసుకోవడం నా అలవాటు. ఛైర్మన్ సంతకం పెట్టారు. చదవకుండా పెట్టడం ఆయన అలవాటు.

అలవాట్లు రెండూ కలిసి ఆ రాత్రే అమరావతి చేరాయి. మినిట్స్‌లో ప్రతి అంశం పక్కనా 'తీసుకున్న చర్య' అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉండకూడదు. మూడో రోజు ఫోనొచ్చింది. "సగటు పెంచాలని తీర్మానించారట. ఏం చర్య తీసుకున్నారు?"

ఛైర్మన్ రిసీవరు చేత్తో మూసి నన్ను చూశారు. "ఇదెవరు రాశారయ్యా?"

"చర్చించాం కదా సార్."

అదే రోజు పదకొండు సెకన్ల సంగతి పత్రికలకి ఎక్కింది. పక్క రాష్ట్రం వాళ్లు వెంటనే తమ సగటు పద్నాలుగు సెకన్లని ప్రకటించారు. దాంతో విషయం ప్రేమ స్థాయి దాటి ప్రతిష్ఠ స్థాయికి వెళ్లింది. మంత్రిగారు వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. మూడు వారాల్లో సగటు వరుణ్ణి ఉద్ధరించాలన్నారు. 'వర శ్రవణ వికాస ఉద్యమం' మొదలైంది. జిల్లాలకి లక్ష్యాలు ఇచ్చారు.

పైడిశ్రీ రోజూ పదింటికి వచ్చేది. "మావాడి ఫైలు ఎక్కడుంది సార్?"

"పెండింగ్‌లో ఉందమ్మా. సగటు ఖరారైతే గాని నాలుగో నిబంధన వర్తింపచెయ్యలేం."

"ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది."

"ప్రభుత్వం మగవాళ్లని మారుస్తోందమ్మా. కొంచెం ఓపిక పట్టాలి."

"ఓపిక మాకు కొత్తేం కాదు సార్," అని బెంచీ మీద కూర్చునేది.

తనిఖీ కోసం అనకాపల్లి శిక్షణా కేంద్రానికి వెళ్లాను. కల్యాణ మండపంలో నలభై మంది పెళ్లికొడుకులూ కొత్త మొగుళ్లూ వరుసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ఎదుటా ఒక అంగన్‌వాడీ టీచరు. ఆవిడ మాట్లాడాలి, అతను వినాలి. టీచర్లు చక్కగా మాట్లాడుతున్నారు. రావలసిన గుడ్లు రాలేదని ఒకావిడ, గదికి తలుపు లేదని ఇంకొకావిడ. వినేవాళ్లు కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నారు. పర్యవేక్షకుడు వరుస వెంబడి నడుస్తూ రిజిస్టర్లో 'విన్నాడు, విన్నాడు, విన్నాడు' అని టిక్కు పెడుతున్నాడు.

"వీళ్లు వింటున్నారని ఏమిటి నమ్మకం?" అన్నాను.

"కుర్చీలోంచి లేవలేదు కద్సార్."

ఆ నలభై మందిలో ఒక్కడికి మాత్రం వినడం నిజంగా పట్టుబడింది. చిన రమణ అని బెల్లం మార్కెట్లో పనిచేస్తాడు. ఆ రోజు ఇంటికెళ్లి భార్య ఎదురుగా కూర్చుని, ఆమె చెప్పిందంతా విని, "తర్వాత?" అన్నాడట. మర్నాడు నేనింకా అక్కడుండగానే ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని కేంద్రానికి లాక్కొచ్చింది.

"ఏటి పెట్టినారండీ ఈడికి?" అని పర్యవేక్షకుణ్ణి నిలదీసింది. "రాత్రి నేను మాటాడతంటే నా మొకమే సూత్తన్నాడు. టీవీ లేదు, ఫోను లేదు. ఇంకా సెప్పు, ఇంకా సెప్పు అంతన్నాడు. నాకు బయ్యమేసిపోనాది. ఏ తప్పు సేసి వొచ్చినావురా అనడిగితే, ఏటీ లేదు, ప్రెబుత్వం ఇనమన్నాది అంతన్నాడు. డాట్రుకాడికి తీసికెళ్లమంతారా?"

"వద్దమ్మా, అది మంచి లక్షణమే," అన్నాను.

ఆమె అనుమానంగా నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "మరైతే అలాగే ఉండనీండి," అని, దారిలో ఎవరి కంటా పడకుండా కొంగు చాటున అతన్ని తీసుకుపోయింది.

నివేదికలు మాత్రం ఉరకలేశాయి. మొదటి వారం రాష్ట్ర సగటు మూడు నిమిషాలు. రెండో వారం పంతొమ్మిది. ఒక జిల్లా లక్ష్యం దాటి నూట నాలుగు శాతం సాధించామంది. మర్నాడే పక్క జిల్లా నూట అరవై అంది. మరో జిల్లా తమ వరులు రోజుకి ఇరవై ఆరు గంటలు వింటున్నారని రాసింది. ఇరవై నాలుగే కదా ఉంటాయని ఫోను చేస్తే, "సెలవు రోజుల్లో కూడా పనిచేశాం సార్" అన్నారు. అది దిద్దాం.

ముప్పయ్యో తేదీ సాయంత్రానికి సగటు ఖరారైంది. రాష్ట్రంలో సగటు వరుడు నలభై ఏడు నిమిషాలు వింటాడు.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం మండలి కూర్చుంది. పైడిశ్రీ మొహం వెలిగిపోతోంది. "నలభై ఏడు నిమిషాలు! మావాడు నాలుగే. దాటలేదు సార్! సంతకం పెట్టండి."

ఛైర్మన్ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసుకుని చూశారు. చూస్తున్నకొద్దీ ఆయన నుదురు ముడిపడింది.

"అంటే," అన్నారు మెల్లగా, "వీడు సగటుకి పదో వంతు కూడా లేడన్నమాట."

"అవును సార్. అందుకే..."

"అలాంటి నాసిరకం వాణ్ణి మన రాష్ట్ర ఆడపిల్లల మీదకి వదలమంటావా? రేపు నిజమైన వరుడు నలభై ఏడు నిమిషాలు వినడానికి సిద్ధంగా కూర్చుని ఉంటే, ఈ నాలుగు నిమిషాల వాణ్ణి చూసి మా పిల్లలు మోసపోవాలా?"

పైడిశ్రీ వంగి ఆ రెండు అంకెల్నీ మళ్లీ చూసుకుంది.

"కనీసం నలభై నిమిషాలకి పెంచుకురా. అప్పుడు చూద్దాం."

"సార్! నలభై నిమిషాలు ఒకే సీన్లో కూర్చుంటే ఆట ఎవరు ఆడతారు? మొన్న ఎక్కువన్నారు. ఇవాళ తక్కువంటున్నారు. వాడు అక్కడే ఉన్నాడు సార్! ఒక్క సెకను కూడా కదల్లేదు!"

"అదే కదా వాడి లోపం. రాష్ట్రం ముందుకెళ్లింది, వాడు ఆగిపోయాడు."

గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఛైర్మన్ ఫైలు మీద 'తిరస్కరించడమైనది' అని రాయడానికి 'తి' వేశారు. పైడిశ్రీ ల్యాప్‌టాప్ మూసింది. ఏడవలేదు. ఏడుపు ఆపుకోవడానికి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సత్యవాణి గారు నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. హాజరు తక్కువైన విద్యార్థిని చూసే చూపు అది.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, మీరు గుంటూరు మిర్చి యార్డులో ఎన్నేళ్లు చేశారు?"

"తొమ్మిదేళ్లు. ఎందుకు?"

"తాలు కాయలు వచ్చేవి కదా? రంగు పోయినవి, మచ్చ పడినవి."

"రాకేం. బస్తాలకి బస్తాలు."

"పారబోయించేవారా?"

"పారబోయడమేమిటయ్యా!" ఛైర్మన్ వెన్ను నిటారుగా అయింది. "తాలుకి తాలు రేటు. మేలిరకంలో కలిపితే నేరం గాని, తాలు అని చీటీ కట్టి అమ్ముకుంటే ఏ చట్టమూ..."

ఆగిపోయారు. ఆయన మొహంలోకి యార్డులో వేలంపాట మొదలయ్యేటప్పటి కళ వచ్చింది. 'తి' కొట్టేశారు.

"చీటీ!" అన్నారు. "చీటీ కడదాం! రాసుకోవయ్యా!"

రాసుకున్నాను. లైట్‌హౌస్ తలుపు తెరుచుకునే ప్రతిసారీ తెర మీద పెద్ద అక్షరాలతో ఇది కనిపించాలి:

'చట్టబద్ధమైన హెచ్చరిక: ఈ నాయకుడు తాలు రకం. మీరు మాట్లాడుతుంటే కేవలం నాలుగు నిమిషాలు మాత్రమే వింటాడు. మన రాష్ట్ర సగటు వరుడు నలభై ఏడు నిమిషాలు వింటాడని ప్రభుత్వం ధృవీకరించింది. తక్కువవాడితో సరిపెట్టుకోకండి.'

"దీనికి నువ్వు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి," అన్నారు ఛైర్మన్. "నీ నాయకుడు నాసిరకం అని స్వయంగా అంగీకరించాలి. బాధగా ఉంటుంది. తప్పదు."

పైడిశ్రీ కాగితం ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. పెదవులు బిగపట్టింది. భుజాలు కదిలాయి. ఛైర్మన్ జాలిపడి మంచినీళ్లు తెప్పించబోయారు.

"అక్కర్లేదు సార్," అంది చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"వాడిలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు కదా?" అన్నారు సత్యవాణి గారు గట్టిగా, నా చేత రాయించడానికి.

"అక్కర్లేదు. తాలుని మేలు చెయ్యడం ఎవరి తరం?" అన్నారు ఛైర్మన్.

రాశాను. నాలుగూ యాభై ఆరుకి సీలు వేశాను. పైడిశ్రీ ధృవపత్రం అందుకుని, మెట్లు దిగేదాకా ఆగింది. రెండో అంతస్తు దగ్గర ఆమె నవ్వు మూడో అంతస్తు దాకా వినిపించింది. "పాపం, మనసు చెదిరినట్టుంది," అన్నారు ఛైర్మన్.

'రేవు వెన్నెల' ఆ రాత్రే విడుదలైంది. మర్నాడు పదింటికి మేం ఆఫీసు తాళం తీసేసరికి లోపల మూడు ఫోన్లూ మోగుతున్నాయి.

"ఫిర్యాదులా?" అన్నారు ఛైర్మన్ కంగారుగా.

"కాదు సార్. విచారణలు."

ఆడిన ప్రతి అమ్మాయీ హెచ్చరిక చదివింది. చదివిన ప్రతి అమ్మాయీ కింద ఉన్న మా నంబరుకి ఫోను చేసింది. అందరిదీ ఒకే ప్రశ్న: నలభై ఏడు నిమిషాలు వినే ఆ సగటువాడు ఎక్కడ దొరుకుతాడు? మేలిరకం అక్కర్లేదట. సగటువాడు చాలట. గాజువాక నుంచి ఒకమ్మాయి, "మా ఆయనకి మీ హెచ్చరిక చూపించానండీ, తను సగటు కాదంటున్నాడు, మరి మా వాటా ఎవరికి పోయింది?" అని అడిగింది. శ్రీకాకుళం నుంచి ఒక పెద్దావిడ, యాభై ఏళ్లుగా తనకి రావలసిన నిమిషాల బకాయి ఎవరిస్తారని అడిగింది.

సాయంత్రానికి మంత్రిగారి నుంచి ఆదేశం వచ్చింది. శనివారం సభలో సగటు వరుణ్ణి వేదిక మీద సన్మానించాలి, ఒకణ్ణి పంపండి. అన్ని జిల్లాలకీ లేఖలు రాశాం. ఒక జిల్లావాళ్లు తమవాడు పెళ్లికని పక్క జిల్లాకి వెళ్లాడన్నారు. పక్క జిల్లావాళ్లు ఇంకా రాలేదన్నారు. అనకాపల్లి వెళ్లి చిన రమణ ఇంటి తలుపు తట్టాను. కిటికీలోంచి అతని భార్య, "ఆడు ఊర్లో నేడు, పొరుగూరెల్లినాడు," అంది. లోపల్నుంచి ఎవరో "తర్వాత?" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. ఆమె నా మొహం మీదే కిటికీ వేసేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఛైర్మన్ గారు ఒక ప్రకటన చెప్పారు, నేను రాశాను:

'కనబడుటలేదు. సగటు వరుడు. ఆనవాళ్లు: ఎదుటివారు మాట్లాడుతుండగా నలభై ఏడు నిమిషాలు వింటాడు. చివరిసారిగా ప్రభుత్వ నివేదికలో కనిపించాడు. వయసు ఇరవై నాలుగు నుంచి ముప్పై రెండు. ఆచూకీ తెలిసినవారు మండలి కార్యాలయంలో సంప్రదించగలరు.'

పత్రికలకి పంపేముందు ఆమోదం కోసం సత్యవాణి గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. పర్సులోంచి ఎర్రసిరా పెన్ను తీసి, 'ముప్పై రెండు' అన్న మాట నిదానంగా కొట్టేశారు. పైన గుండ్రటి చేతిరాతతో 'అరవై అయిదు' అని రాసి, సంప్రదించవలసిన చోట తన సొంత ఫోను నంబరు వేశారు.

"పరిధి కొంచెం విస్తృతంగా ఉండాలండీ," అన్నారు నా వైపు చూడకుండా. "ప్రజా ప్రయోజనం."